అమెరికాలో ఎంపీహెచ్ ప్రాక్టికమ్: దరఖాస్తు, సీపీటీ అనుమతి

బీడీఎస్, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదివిన మన విద్యార్థులు చాలామంది ప్రజారోగ్యంలో మాస్టర్స్ కోసం అమెరికా వెళ్తున్నారు. పరీక్షల్లో ఎన్ని మార్కులు వచ్చినా, బయట ఒక సంస్థలో పనిచేసి చూపనిదే ఎంపీహెచ్ డిగ్రీ చేతికి రాదు. ఆ పనినే ప్రాక్టికమ్ అంటారు. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు దీనికి రెండు అనుమతులు తీసుకోవాలి. మొదటిది తమ విభాగం నుంచి, రెండోది అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి. ఈ రెండోదే సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పనిచేయడానికి ఇచ్చే అనుమతి.

అక్కడి ప్రజారోగ్య కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి సీఈపీహెచ్. అది 2016లో సవరించిన ప్రమాణాల ప్రకారం విద్యార్థి ప్రాక్టికమ్ ద్వారా కనీసం ఐదు సామర్థ్యాలు చూపాలి. వాటిలో మూడైనా 22 మౌలిక సామర్థ్యాల జాబితాలోనివై ఉండాలి. సంస్థకు నిజంగా ఉపయోగపడే పనులు కనీసం రెండు చేసి ఇవ్వాలి. అవి టీకాల ప్రచార సామగ్రి కావచ్చు, ఒక సర్వే విశ్లేషణ కావచ్చు. ఇన్ని గంటలు పనిచేయాలని మండలి ఎక్కడా చెప్పలేదు. గంటల లెక్క ఆయా విశ్వవిద్యాలయాలు పెట్టుకున్నది కాబట్టి మీ విభాగం చేతిపుస్తకంలో చూసుకోండి. గంటలు నింపడమే ప్రాక్టికమ్ అనుకుని రోజంతా ఫైళ్లు సర్దే పనికి ఒప్పుకోకండి. చివర్లో చూపడానికి ఏమీ మిగలదు.

కౌంటీ ఆరోగ్య శాఖ, ఆసుపత్రి, స్వచ్ఛంద సంస్థ, వీటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. అక్కడ మీ పనిని పర్యవేక్షించే ప్రిసెప్టర్, మీ అధ్యాపకుడు, మీరు కలిసి లెర్నింగ్ అగ్రిమెంట్ రాసి సంతకాలు చేయాలి. ఏ పని ఏ సామర్థ్యానికి సరిపోతుందో అందులో స్పష్టంగా ఉండాలి.

అసలు ఆలస్యం అఫిలియేషన్ అగ్రిమెంట్ దగ్గర జరుగుతుంది. ఇది విశ్వవిద్యాలయానికీ సంస్థకూ మధ్య జరిగే చట్టపరమైన ఒప్పందం. రెండు వైపులా న్యాయ విభాగాలు చదవాలి, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నా విషయంలో ప్రిసెప్టర్ ఎంతో ఉత్సాహంగా ఉన్నా, ఆ కాగితం రాక వేసవిలో మూడు వారాలు గదిలోనే కూర్చోవలసి వచ్చింది. అందుకే ఏ సంస్థను అడిగినా మీ మొదటి ప్రశ్న ఇదే కావాలంటాను: "మా విశ్వవిద్యాలయంతో మీకు ఇప్పటికే ఒప్పందం ఉందా?" లేదంటే, వేసవి ప్రాక్టికమ్‌కు అంతకుముందు అక్టోబరులోనే ప్రయత్నం మొదలుపెట్టండి. టీకాల రికార్డు, క్షయ పరీక్ష, రోగుల సమాచార గోప్యతపై హిపా శిక్షణ వంటివి ఈ లోగా పూర్తిచేసుకోవచ్చు.

ఇక సీపీటీ. సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే దీనికి అర్హత వస్తుంది. మొదటి నుంచే క్షేత్రపని తప్పనిసరి చేసిన మాస్టర్స్ కోర్సులకు మినహాయింపు ఉంది. సంస్థ ఇచ్చే లేఖలో పనిచేసే చోటు చిరునామా, మొదలయ్యే, ముగిసే తేదీలు, వారానికి గంటలు, చేయవలసిన పని ఉండాలి. దానికి అధ్యాపకుడి ధ్రువీకరణ జతచేసి, ప్రాక్టికమ్ కోర్సులో నమోదై, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఇవ్వాలి. ఇందుకు ప్రభుత్వానికి కట్టవలసిన రుసుము లేదు. ఆ కార్యాలయంలోని అధికారి (డీఎస్‌ఓ) విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో నమోదు చేసి, మీ విద్యార్థి హోదాను చూపే పత్రం ఐ-20ను కొత్తగా ఇస్తారు. అందులో ఉన్న తేదీకి ఒక్కరోజు ముందు కూడా పని మొదలుపెట్టకూడదు. సంస్థ మారినా, గడువు పెరిగినా మళ్లీ అనుమతి కావాలి. జీతం లేదు కదా, సీపీటీ ఎందుకని తేలిగ్గా తీసుకోవద్దు. జీతం లేని ప్రాక్టికమ్‌కు కూడా చాలా విశ్వవిద్యాలయాలు దీన్ని తప్పనిసరి చేశాయి. అనుమతి లేని పనిగా తేలితే పోయేది వీసా హోదా.

వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైమ్, అది దాటితే ఫుల్‌టైమ్. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలకు చేరితే, ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ, అంటే చదువు పూర్తయ్యాక అదే రంగంలో పనిచేసే అనుమతి, పొందే అవకాశం పోతుంది. ఒక్క వేసవి ప్రాక్టికమ్‌తో ఆ ప్రమాదం లేదు.

సెలవుల్లో సొంత జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయాలనుకునేవారికీ విభాగం అనుమతి ముందే కావాలి. అక్కడ మనుషుల నుంచి సమాచారం సేకరించి పరిశోధన చేస్తే నైతిక కమిటీ అనుమతి అవసరం. తిరుగు ప్రయాణానికి ఐ-20పై డీఎస్‌ఓ సంతకం చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి.

పని ముగిశాక మీరు తయారుచేసిన వాటిని, ప్రిసెప్టర్ మూల్యాంకనాన్ని విభాగానికి అందించాలి. సీపీటీ ముద్రించిన ఐ-20 ప్రతిని మాత్రం పారేయకండి. తర్వాత ఓపీటీ కోసం దరఖాస్తు ఫారం ఐ-765 నింపేటప్పుడు గత సీపీటీ ఆధారాలు అడుగుతారు.