చిన్న కంపెనీ షేరు కారణం లేకుండా ఎగురుతుంటే ఎక్కడ వెతకాలి

మొన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ తింటుంటే మా బావమరిది ఫోన్ తెచ్చి మొహం ముందు పెట్టాడు. "బావా, పది రోజులుగా రోజూ ఐదు శాతం అప్పర్ సర్క్యూటే, వార్త మాత్రం ఒక్కటీ లేదు, ఎందుకంటావ్?" అప్పర్ సర్క్యూట్ అంటే ఒక రోజులో షేరు ఇంతకు మించి పెరగకూడదని స్టాక్ ఎక్స్ఛేంజ్ పెట్టిన హద్దు. ఎందుకు అన్నది తర్వాత చూద్దాం గానీ, ఎన్ని షేర్లు చేతులు మారితే ఇంత పెరిగిందో ముందు చూడరా అన్నాను.

దానికంటే ముందు ఒక చిన్న పనుంది. నిన్న 600 ఉన్న షేరు ఇవాళ 120 కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది, కానీ పది రూపాయల ముఖవిలువను రెండు రూపాయలకి స్ప్లిట్ చేసి, అంటే ఒక్కో షేరుని ఐదుగా విడగొట్టి ఉంటే మీ డబ్బు ఎక్కడికీ పోలేదు. బోనస్, అంటే ఉన్న షేర్లకి ఉచితంగా అదనపు షేర్లు ఇచ్చినా ధర ఇలాగే తగ్గుతుంది. బీఎస్ఈ (బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్) వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి, ఇలాంటి స్ప్లిట్లు, బోనస్‌లు ఉండే కార్పొరేట్ యాక్షన్స్ చూడండి, రెండు నిమిషాల పని. పక్కనే అనౌన్స్‌మెంట్స్ ఉంటాయి, అవి కూడా చదవండి. ధర మరీ వింతగా కదిలితే ఎక్స్ఛేంజే కంపెనీని సంగతేంటని అడుగుతుంది, ఆ జవాబు అక్కడే పెడతారు. "చెప్పాల్సిన సమాచారమేదీ మా దగ్గర లేదు" అని వస్తే నాకైతే టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

ఇక షేర్ల లెక్క. తెల్లారుజామున ఫిషింగ్ హార్బర్‌లో వేలం చూశారా? బోట్లు నిండుగా వచ్చిన రోజు వంజరం ధరని ఒక్కడు కదపలేడు, రెండే బుట్టలు దిగిన రోజు ఇద్దరు పంతం పట్టి పాడితే చాలు, ఎక్కడికో పోతుంది. కంపెనీకి కోటి షేర్లున్నాయనుకోండి. డెబ్బై లక్షలు ప్రమోటర్ల (కంపెనీని పెట్టి నడిపించేవాళ్ల) దగ్గర, ఇంకో పాతిక లక్షలు ఏళ్ల తరబడి అమ్మని పాతవాళ్ల దగ్గర ఉంటే బజార్లో తిరిగేవి ఐదు లక్షలే, షేరు 40 రూపాయలైతే మొత్తం రెండు కోట్లు. అంత డబ్బున్న వాళ్లు మన వైజాగ్‌లోనే ఎంతమంది లేరు! ప్రమోటర్ల వాటా ఎంత, అందులో తాకట్టు ఎంత అన్నది మూడు నెలలకోసారి, ఆ గడువు ముగిసిన 21 రోజుల్లోగా కంపెనీ బయటపెట్టాలి కాబట్టి ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. మావాడి షేరు పది సర్క్యూట్లలో 100 నుంచి 163కి వెళ్లింది, రోజుకి చేతులు మారింది మాత్రం మూడు వేల షేర్లు.

డెలివరీ శాతం, అంటే చేతులు మారిన షేర్లలో అదే రోజు తిరిగి అమ్మేయకుండా ఖాతాలోకి తీసుకున్నవి ఎన్నో చూడమని అందరూ చెప్తారు, నిజమే, కానీ ట్రేడ్ టు ట్రేడ్‌లో (కొన్న రోజే అమ్మడానికి వీల్లేని విభాగంలో) పడ్డ షేరుకి ప్రతి లావాదేవీ డెలివరీయే, అక్కడ నూటికి నూరు చూసి మురిసిపోకండి. బల్క్ డీల్స్ ఇంకా పనికొస్తాయి: కంపెనీ మొత్తం షేర్లలో 0.5 శాతానికి మించి ఒకరే ఒక్క రోజులో కొన్నా అమ్మినా పేరుతో సహా బయటికొస్తుంది. అవే రెండు మూడు పేర్లు ఒకరోజు కొంటూ, మర్నాడు అమ్ముతూ కనిపిస్తే నేను ఆ షేరు వైపు చూడను. ఎక్స్ఛేంజ్ ప్రత్యేక నిఘా పెట్టిన షేర్లుండే ఏఎస్ఎం, జీఎస్ఎం జాబితాల్లో ఉందేమో కూడా చూడండి, అందులో ఉన్నంత మాత్రాన కంపెనీ తప్పు చేసిందని కాదు గానీ ఎక్స్ఛేంజ్ కన్ను పడిందని అర్థం.

అలాగని వింతగా కదిలిందల్లా మోసం అనుకోవద్దు. 2024 అక్టోబర్ 29న ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ షేరు 3.53 రూపాయల నుంచి 2,36,250కి ఎగిరింది, అసలు విలువకి దగ్గర ధర తేలాలని ప్రత్యేకంగా పెట్టిన వేలం వల్ల. సాధనా బ్రాడ్‌కాస్ట్ షేరు సంగతి వేరు. యూట్యూబ్ వీడియోల్లో తప్పుడు కబుర్లు చెప్పి ధర పెంచారని 2023 మార్చిలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మధ్యంతర ఉత్తర్వులే ఇచ్చింది.

నేనూ ఒకసారి టెలిగ్రామ్ టిప్ నమ్మి దిగినవాణ్నే. ఎక్కేటప్పుడు అప్పర్ సర్క్యూట్‌లో అమ్మేవాడు దొరకడు, దిగేటప్పుడు లోయర్ సర్క్యూట్‌లో (రోజులో ఇంతకు మించి పడకూడదనే హద్దు దగ్గర) కొనేవాడు దొరకడు, పది రోజులు అలా పడితే 100 కాస్తా 60 అవుతుంది. ఒకే ధరకి పెట్టిన ఆర్డర్లలో ముందు పెట్టినవాడిది ముందు పోతుందని తెలిసి రోజూ మార్కెట్ తెరవగానే అమ్మకానికి పెట్టేవాణ్ని, అయినా పదకొండో రోజుకి గానీ నా వంతు రాలేదు.

ఇదంతా విని మావాడు సోమవారం పొద్దున్న, కొనేవాళ్లు ఇంకా వరసలో ఉండగానే, సగం అమ్మేశాడు. మిగతా సగం ఇంకా ఉంచుకున్నాడు, చెప్తే వినడు.