మార్కెట్ వాటా లెక్కలు – 3వ పాఠం: దేనిలో వాటా?

పోయిన పాఠం చివర, మీ గల్లీలోని కిరాణా షాపు ఫ్రిజ్‌లో దోసె పిండి ప్యాకెట్లు లెక్కపెట్టమన్నాను. నేను హైదరాబాద్ నల్లకుంటలో మూడు షాపులు చూశాను. ఒకచోట కింది అరలో నిన్నటి ప్యాకెట్లు పులిసి, ఉబ్బి ఉన్నాయి. వ్యాన్ వచ్చినప్పుడు వెనక్కి ఇచ్చేస్తారట. ముందు ఈ జాగ్రత్త పట్టుకోండి: కంపెనీ షాపులో దింపిందంతా అమ్మకం కాదు. కొన్నవాళ్ల సంచిలోకి వెళ్లిందే అమ్మకం. వాపసు తీసేయకుండా లెక్క కట్టిన వాటా తప్పు.

ఇప్పుడు లెక్క. సులువుగా ఉండాలని రౌండ్ అంకెలు వేస్తున్నాను. మనం ఒక పిండి కంపెనీ నడుపుతున్నామనుకోండి. మూడు షాపుల్లో కలిపి రోజుకు ఒక్కోటి కిలో ఉండే ప్యాకెట్లు 200 పోయాయి, అందులో మనవి 50. అంటే 25 శాతం. ఇది పరిమాణంలో వాటా. మన ప్యాకెట్ 80 రూపాయలు, మిగతావాళ్లది 60 అనుకోండి. మనకు 4,000, వాళ్లకు 9,000. మొత్తం 13,000లో మన వాటా దాదాపు 31 శాతం. ఇది విలువలో వాటా. రెండూ నిజమే. ఎవరైనా "మా వాటా ఇంత" అంటే, ఏ వాటా అని తప్పకుండా అడగండి.

తర్వాతి నెల మనవి రోజుకు 60 పోయాయి. సంతోషమే. కానీ మొత్తం 300 అయింది. అమ్మకం 20 శాతం పెరిగింది, వాటా మాత్రం 25 నుంచి 20కి పడింది. పెరిగిన 100 ప్యాకెట్లలో మనకు దక్కినవి పదే. తన అమ్మకాల పుస్తకం ఒక్కటే చూసుకునే యజమానికి ఇది కనిపించదు. నేను ఈ పాఠాలు మొదలుపెట్టిందే అందుకు.

ఇక హారం, అంటే వాటా కట్టడానికి కింద వేసే మొత్తం. అసలు టెన్షన్ ఇక్కడే. ఇంట్లో గ్రైండర్‌లో రుబ్బుకునేవాళ్లను మార్కెట్‌లో కలపాలా? ప్యాకెట్ కంపెనీల పోటీ చూడాలంటే వద్దు. వ్యాపారం ఇంకా ఎంత పెరగగలదో చూడాలంటే కలపాలి.

మొబైల్ కంపెనీల లెక్కలోనూ ఇదే పేచీ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలనెలా పట్టికలు ఇస్తుంది. వాటిలో లెక్కలు సర్కిళ్ల వారీగా, అంటే మొబైల్ సేవల కోసం విడదీసిన ప్రాంతాల వారీగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణ కూడా కలిసే ఉంటుంది. ఆ శాతాన్ని హైదరాబాద్ వాటాగా చెప్పకూడదు. పైగా మొత్తం కనెక్షన్లు వేరు, వాడకంలో ఉన్నవి వేరు. బీరువాలో పడేసిన రెండో సిమ్ మొదటి లెక్కలో ఉండొచ్చు, రెండోదాంట్లో ఉండదు.

వచ్చే పాఠానికి ట్రాయ్ తాజా పట్టికలో మన సర్కిల్ తీసి, ఒక్కో కంపెనీ వాటా మొత్తం కనెక్షన్లలో ఒకసారి, వాడకంలో ఉన్నవాటిలో ఒకసారి లెక్క కట్టి ఉంచండి. ముందు నెల పట్టికతో పోల్చి, ఎవరిది పెరిగిందో, ఎవరిది తగ్గిందో పక్కన రాసుకోండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.