పిల్లల చేతిలో ఫోన్: ముందు వైఫై, తర్వాత మాట

తిరుపతి కొర్లగుంటలో అయినా, చిత్తూరు పక్క పల్లెలో అయినా ఇప్పుడు పిల్లలు బూతు వీడియోల కోసం వెతకక్కర్లేదు, ఏదో గేమ్ డౌన్‌లోడ్ చేస్తుంటే యాడ్ రూపంలో అవే వచ్చి పడతాయి. అందుకే ముందు వైఫై సంగతి చూడండి. రూటర్ (వైఫై డబ్బా) సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టేది) దగ్గర 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 వేయండి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ 2020లో తెచ్చిన ఉచిత ఫిల్టర్, అశ్లీల సైట్లను చాలావరకు ఆపుతుంది. మీకు చేతకాకపోతే నెట్ కనెక్షన్ ఇచ్చిన అబ్బాయిని అడగండి.

మొబైల్ డేటా ఆన్ చేస్తే మాత్రం ఇది పనిచేయదు. కాబట్టి పిల్లల ఫోన్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు అదుపులో పెట్టుకునే యాప్) పెట్టి, సేఫ్‌సెర్చ్ (గూగుల్‌లో వెతికితే అశ్లీలమైనవి రాకుండా వడకట్టేది) ఆన్ చేసి, కొత్త యాప్ ఏది వేయాలన్నా మీ పర్మిషన్ అడిగేలా చేయండి. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేదాన్ని ఇవేవీ ఆపవు.

అసలు కష్టం మాట్లాడటమే. ఎదురుగా కూర్చోబెట్టి క్లాస్ పీకొద్దు, బండి మీద అలిపిరి వైపు పోతున్నప్పుడు మామూలుగా అనండి: "నాయనా, ఇట్లాంటిది ఎప్పుడైనా కనపడితే మూసేసి నాకు చెప్పు, నేను కొట్టను, ఫోన్ లాక్కోను." ఆ మాట నిలబెట్టుకోండి, ఎందుకంటే ఒక్కసారి చెంప పగలగొడితే వాడు మళ్లీ మీకు చెప్పడు, మిద్దె మీదకు పోయి చూసుకుంటాడు. ఆడపిల్లకైనా ఇదే మాట, ఇదే తీరు.

ఎవరైనా ఫొటోలు చూపించి బెదిరిస్తుంటే డబ్బులు పంపొద్దు, మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్ తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.