సైనికాధికారి జీతం లెక్క, 3వ పాఠం: ప్రమోషన్ రోజున బేసిక్ ఎంత?

పే మ్యాట్రిక్స్ అనే జీతాల పట్టికలో లెవెల్‌ని (నిలువు వరుసని) ర్యాంకు, గడిని సర్వీసు తేలుస్తాయని కిందటి పాఠంలో చూశాం. ఇవాళ ప్రమోషన్ లెక్క. ఏడో వేతన సంఘం తర్వాతి రక్షణ దళాల పట్టిక ముందు పెట్టుకోండి.

కెప్టెన్‌ది లెవెల్ 10బి. బేసిక్ 69,000 ఉండగా మేజర్ అయ్యాడనుకుందాం. ముందు పాత లెవెల్‌లోనే ఒక గడి దిగండి (ఈ పట్టికలో కిందికి దిగితేనే జీతం పెరుగుతుంది): 71,100. ఈ అంకెతో లెవెల్ 11కి వెళ్లండి. అక్కడ 69,400, 71,500, 73,600... ఇలా ఉంటాయి. 71,100 లేదు కాబట్టి దాని తర్వాతి పెద్ద అంకె, 71,500. అదే కొత్త బేసిక్.

తప్పు జరిగేది ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే, సైనిక సేవకు బేసిక్‌తో పాటు ఇచ్చే మొత్తం) దగ్గర. లెఫ్టినెంట్ నుంచి బ్రిగేడియర్ దాకా ఇది నెలకు 15,500 (నర్సింగ్ అధికారులకు వేరే రేటు). దీన్ని ముందే కలిపితే 86,600 అయి, మీ చేతి వేలు 87,900 గడి మీద పడుతుంది. గడి తేలాకే కలపాలి: 71,500 + 15,500 = 87,000. డీఏ కట్టేది ఈ మొత్తం మీద.

ఆ మేజర్ ఏడు ఇంక్రిమెంట్లతో 87,900కి చేరి, 13 ఏళ్ల సర్వీసుకు లెఫ్టినెంట్ కల్నల్ అవుతాడు. ఒక గడి దిగితే 90,500. కానీ లెవెల్ 12ఎ మొదలయ్యేదే 1,21,200 దగ్గర, నేరుగా అక్కడికే. ఒక్కరోజులో 33,300! బాధ్యత అంతగా పెరిగిందా అంటే, లేదు. ఆరో వేతన సంఘం తర్వాత ఈ ర్యాంకును పే బ్యాండ్ 4 అనే పై జీతాల శ్రేణిలోకి ఎక్కించారు, ఆ ఎత్తే ఇప్పటికీ నిలిచింది.

పనిలో ఉన్న కష్టానికి కట్టేది భత్యం. 2017లో ఖరారైన సియాచిన్ రేటు అధికారికి నెలకు 42,500. లెఫ్టినెంటైనా, కల్నలైనా అంతే. జవానుకు, జేసీఓకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, అంటే జవానుకు పైన, అధికారికి కింద ఉండే ర్యాంకు) మాత్రం 30,000. చలి ఇద్దరికీ ఒకటే కదా, ఈ తేడా మాకు మింగుడుపడదు.

అభ్యాసం: 71,100 దగ్గర ఉన్న కెప్టెన్‌ని మేజర్ చేయండి. 73,600 రావాలి. 71,500 వచ్చిందంటే పాత లెవెల్‌లో గడి దిగడం మరిచారు.

మేజర్ జనరల్‌కు ఎంఎస్‌పీ లేదు. కొత్త బ్రిగేడియర్‌కు 1,39,600 + 15,500 = 1,55,100 అయితే, మేజర్ జనరల్‌ది, అంటే లెవెల్ 14 మొదటి గడి, 1,44,200 మాత్రమే. ఆ ముడి 4వ పాఠంలో విప్పుదాం.