నవల రాద్దాం – 4వ పాఠం: గద్దె వద్దనే రాణి

పోయిన పాఠంలో రాజ్యం గీసుకున్నాం. కాకతీయుల ఓరుగల్లును పోలినదే, కానీ ఏ పటంలోనూ లేనిది. ఇవాళ రాణి. పదిహేడేళ్ల పిల్ల, కొలతలంటే పిచ్చి, గద్దె మాటెత్తితే తప్పించుకు తిరుగుతుంది.

రుద్రమదేవి పేరు మార్చి దించేద్దామని మాత్రం అనుకోకండి. 1262 ప్రాంతంలో ఏలుబడికి వచ్చి, శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపించే ఆవిడ, ఎదురుతిరిగినవాళ్లను అణిచి గద్దె నిలబెట్టుకుంది. మన పిల్లకు ఆ అచ్చు సరిపోదు. ఆ కాలం నుంచి మనకు కావలసింది చెరువులు. రామప్ప, లక్నవరం, పాకాల ఇప్పటికీ ఉన్నాయి, ఒకసారి వెళ్లి కట్ట మీద నడిచి రండి. గొలుసుకట్టులో పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. మన నవలలో మాయ ఈ గొలుసులోనే ఉంటుంది: గద్దె మీద ఉన్నవాళ్లు మంత్రం చదివితే రాజధాని చెరువు వాన లేకుండానే పెరుగుతుంది.

'ఆమెకు శాస్త్రమంటే ప్రాణం, రాజ్యమంటే విరక్తి' అని రాస్తే చదివేవాళ్లు నమ్మరు. నా మొదటి చిత్తుప్రతి అలాంటి వాక్యాలతోనే నిండిపోయింది, ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. దాని బదులు ఇలా:

"రాత్రి చినుకు లేదు బిడ్డా. గీ నీళ్లు యాడికి వోయినయ్?" అన్నాడు తూములు చూసుకునే నీరటి తాత.

ఆమె కింది చెరువు తూము రాయి మీద నిన్నటి గీతకు జాన పెట్టి చూసింది. రెండు జానలు తగ్గింది. పైన రాజధాని చెరువు పెరిగింది ఒక్క జానే. "సగం నీళ్లు మంత్రమే తాగేసింది తాతా" అంది. కట్ట దిగుతుంటే కాలు ఆగింది. కింది చెరువు విస్తీర్ణం పైదాంట్లో సగమే కదా. మంత్రం చుక్క కూడా తాగలేదు. చుక్క కూడా పుట్టించలేదు.

ఇందులో ముఖ్యమైనది ఆమె తెలివి కాదు, తప్పిన ఊహ. మొదట పొరబడి, కొలతను చూసి మాట మార్చుకున్నప్పుడే ఆ బుర్ర మనకు కనిపిస్తుంది. గద్దె వద్దనడానికి కారణమూ దొరికింది చూశారా? ఎక్కితే మంత్రం చదవాలి, చదివితే కింది ఆయకట్టు ఎండుతుంది. ఎన్ని జానలో ఆమెకు తెలుసు. మంత్రులకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఇక 'నాకొద్దు' అనే డైలాగ్ రాయకపోయినా నడుస్తుంది.

మాయకు పెట్టిన లెక్కను మధ్యలో మార్చకండి. పదో అధ్యాయంలో కష్టమొచ్చిందని ఊరికే నీళ్లు పుట్టిస్తే నవల అక్కడే చెడిపోతుంది.

అభ్యాసం: పట్టాభిషేకం రోజు పొద్దున. పురోహితులు ఎదురు చూస్తున్నారు, ఆమె తూము దగ్గర ఉంది. పిలవడానికి నాయనమ్మే స్వయంగా వచ్చింది. ఆ ముసలమ్మ ముప్పై ఏళ్లు మంత్రం చదివిన మనిషి. 200 మాటల్లో రాయండి. 'వద్దు' అనే మాట ఇద్దరూ వాడకూడదు. కనీసం ఒక కొలత ఉండాలి.

వచ్చే పాఠంలో నాయనమ్మ సంగతి చూద్దాం. ఆమెకు ఈ లెక్క ముందే తెలుసా, లేదా అన్నది మాత్రం ఈలోగా తేల్చుకోండి.