మాటల బాణాలు – 3వ పాఠం: గీత ఎక్కడ అడ్డం తిరిగింది?

పోయినసారి నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి గీసిన మూడు సున్నాలు తీయండి. అవి ప్రతి మనిషిలోనూ ఉండే మూడు తీరులు: పైది పేరెంట్ (పెద్దవాళ్లలా మందలించే, లాలించే తీరు), మధ్యది అడల్ట్ (ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి ఆలోచించే తీరు), కిందిది చైల్డ్ (చిన్నపిల్లల్లా అలిగే, ఆడే తీరు). పక్కనే ఎదుటి మనిషికీ మూడు గీయండి. ఇవాళ వాటి మధ్య బాణాలు వేద్దాం.

ప్రతి మాటా అనేవాళ్ల సున్నాల్లో ఒకదాంట్లోంచి బయల్దేరి, వినేవాళ్ల సున్నాల్లో ఒకదానికి తగులుతుంది. తగిలిన సున్నాయే, వచ్చిన చోటికే జవాబు పంపితే గీతలు అడ్డుపడవు. ట్రాన్సాక్షనల్ ఎనాలిసిస్ పేరుతో ఈ పద్ధతి తెచ్చిన ఎరిక్ బెర్న్ (1910–1970) కెనడాలో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన సైకియాట్రిస్టు. ఆయన లెక్కలో గీతలు అడ్డుపడనంత కాలం మాట సాగుతూనే ఉంటుంది.

పొద్దున్నే ఆఫీసు హడావుడి.

"ఏవండీ, స్కూటీ తాళం చూశారా?"

"ఏ వస్తువైనా చోట్లో పెడితేగా!"

"అవును లెండి, ఈ ఇంట్లో తప్పులన్నీ నావే!"

మొదటిది అడల్ట్ నుంచి అడల్ట్‌కి వెళ్లిన ప్రశ్న. కావాల్సింది తాళం, అంతే. జవాబు మాత్రం పేరెంట్‌లోంచి చైల్డ్ మీదికి వచ్చింది. గీతలు అడ్డం పడ్డాయి, తాళం సంగతి గాలికిపోయింది.

మూడో మాట దగ్గర కాస్త ఆగండి. చాలామంది ఇక్కడే తప్పు గీస్తారు. ఆవిడ చైల్డ్‌లోంచి ఆయన పేరెంట్‌కి జవాబిచ్చింది. అంటే గీతలు మళ్లీ చక్కగా కుదిరాయి! అందుకే ఆ గొడవ సాయంత్రం దాకా సాగగలదు. గీతలు కుదరడమంటే సఖ్యత అనుకోకండి, తగవు కూడా అలాగే సాగుతుంది. దాన్ని ఆపాలంటే ఎవరో ఒకరు కావాలనే గీతను అడ్డం తిప్పాలి: "చూడకపోతే చెప్పండి, ఆటోలో వెళ్తాను." ఇది అడల్ట్ మాట. అయితే అదే మాట మూతి ముడుచుకుని అంటే మళ్లీ చైల్డే. గొంతు కూడా రాసుకోమని మొదటి పాఠంలో చెప్పింది ఇందుకే.

ఈ వారం పని: మీ ఇంట్లో జరిగిన నాలుగు మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి బాణాలు వేయండి. ముందు మీ మాటలకు, తర్వాతే అవతలివాళ్లవి. నా నోటుబుక్కులో ఎక్కువ బాణాలు నా పేరెంట్‌లోంచే బయల్దేరాయి, అదీ మా అబ్బాయి మీదికే.

ఒక జాగ్రత్త. గొడవ మధ్యలో "నువ్విప్పుడు చైల్డ్‌లో ఉన్నావు" అనకండి. అది ఏ సున్నాలోంచి వచ్చిందో చూడండి.

రాత్రి పదకొండుకు గుమ్మంలో నిలబడి నాన్న "టైమెంతయింది?" అని అడిగితే ఎన్ని బాణాలు వేయాలో వచ్చే పాఠంలో.