తీర నగరానికి రవాణా ప్రణాళిక ఎలా రూపొందించాలి?
ఒకవైపు సముద్రం ఉన్న నగరంలో రాకపోకల భారం చాలావరకు తీరానికి సమాంతరంగా సాగే కొద్దిపాటి రహదారులపైనే పడుతుంది కనుక, ప్రణాళికను అక్కడి నుంచే ప్రారంభించాలి. ముందుగా వాహనాలను కాక మనుషులను లెక్కించండి: ఎవరు, ఏ వేళలో, ఎక్కడికి, ఎలా వెళ్తున్నారో ఇంటింటి సర్వేతో తెలుసుకుని, సాధారణంగా లెక్కకు అందకుండా పోయే పాదచారులను, సైకిలుపై వెళ్లేవారిని తప్పక నమోదు చేయండి.

మధ్యస్థాయి నగరానికి మెట్రో కంటే రోడ్డుపై బస్సులకే కేటాయించిన ప్రత్యేక వరుసే (లేన్) మేలని నా దృఢాభిప్రాయం. ప్రైవేటు వాహనాలు నడిచే ఒక వరుస గంటకు సుమారు 600 నుంచి 1,600 మందిని చేరవేస్తే, తరచుగా తిరిగే బస్సులకే కేటాయించిన వరుస 4,000 నుంచి 8,000 మందిని చేరవేయగలదు. స్టాపులు 400 మీటర్ల నడకలో ఉండాలి. డిపోలను, ఛార్జింగ్ కేంద్రాలను ఉప్పెన నీరు చేరని ఎత్తులో నిర్మించి, ఉప్పుగాలిని తట్టుకునే సామగ్రినే టెండరులో కోరండి.